ధ్రువీకరించిన చలి

మా కార్యాలయం పని చలిని కొలవడం. ఎండనూ వాననూ కూడా కొలుస్తాం గానీ, కేరిగూడలో ఎండకూ వానకూ పెద్ద పేరు లేదు. చలికి ఉంది. డిసెంబరు వచ్చిందంటే పేపర్లవాళ్లు రోజూ ఫోన్ చేసి "ఇవాళ ఎంత సార్?" అని అడుగుతారు. ఆ ఒక్క నెలా జిల్లాలో మాకు గౌరవం. మిగతా పదకొండు నెలలూ మా బోర్డు చూసి, ఇక్కడ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ దిద్దుతారేమో అని జనం లోపలికి వస్తుంటారు. లేదని చెబితే కాసేపు ఫ్యాన్ కింద కూర్చుని వెళ్తారు. అదీ ఒక సేవే అనుకుంటాను.

నేను అక్కడ సూపరింటెండెంటుని. మా పై అధికారి డిప్యూటీ డైరెక్టర్ సర్వోత్తమ్ గారు. మా సామాన్లన్నిటికీ కాపలా స్టోర్ కీపర్ పోశెట్టి. చలిని స్వయంగా కళ్లతో చూసి వచ్చే మనిషి మాత్రం ఒక్కతే. సిడాం లేతుబాయి.

చలి కొలిచే పెట్టె ఊళ్లో లేదు. ఏడు కిలోమీటర్ల దూరాన, ఇప్పల వాగు ఒడ్డున, నాలుగు కాళ్ల మీద నిలబడ్డ తెల్ల చెక్క పెట్టె అది. పక్కనే తలుపున్న చిన్న రేకుల గది. లేతుబాయి పొద్దున సరిగ్గా ఆరున్నరకు ఆ పెట్టె తెరిచి, లోపలి థర్మామీటరు చూసి, రిజిస్టరులో అంకె వేసి, పక్కన తను వచ్చిన సమయం రాసి, ఆ కాగితం నకలు ఆఫీసుకు తెస్తుంది. అయిదేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. వాగు పొంగిన రోజు కూడా రిజిస్టరు నెత్తిన పెట్టుకుని వచ్చింది. కాంట్రాక్టు మనిషి. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తుంది.

అంతా బాగానే ఉండేది. నవంబరులో హైదరాబాదు నుంచి "హరిత పరిశీలన" అనే సర్క్యులరు వచ్చింది. వాతావరణాన్ని కొలిచే శాఖే వాతావరణాన్ని పాడుచేయరాదనీ, ఇకమీదట క్షేత్ర సిబ్బంది అందరూ సైకిల్ మీదే పోవాలనీ దాని సారాంశం. అంతవరకూ లేతుబాయిని ఆమె భర్త మోపెడ్ మీద దింపేవాడు. ఇప్పుడు ప్రభుత్వం ఆమెకు ఆకుపచ్చ సైకిల్ ఇచ్చింది. సర్వోత్తమ్ గారికి కారు అలాగే ఉంది. ఎందుకంటే కారు పరిశీలనకు పోదు, పర్యవేక్షణకు పోతుంది.

సర్క్యులరు చివర్లో ఇంకో వాక్యం ఉంది. ఒక్క శీతాకాలంలో మూడుసార్లు ఆలస్యమైతే ఒప్పందం రద్దు.

డిసెంబరు రెండోవారంలో లేతుబాయి నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. చేతులు కొంగులో దాచుకుంది.

"సారూ, రెండు దినాలు ఆలిశమైంది. నేనే రాసిన. ఆరు నలభై, ఆరు ముప్పై తొమ్మిది."

"చూశానమ్మా. ఏమైంది?"

"ఎడ్ల దిగుడు ఉన్నది గద సారూ, వాగు దిక్కు దిగే తొవ్వ. ఆడిదాంక మంచిగనే వోత. దిగుడు కాడికొచ్చేసరికి చేతులు కొంకర్లు వోతున్నయి. బ్రేకు వట్టుదామంటె వేళ్లు ముడుసుకుంటలెవ్వు. వడితె పండ్లు రాల్తయని దిగి, సైకిలు వట్టుకొని నడుస్తున్న. గందుకే ఆలిశం. చేతులకు తొడుక్కునేటియి ఇప్పించుర్రి. మూడోసారి అయిందంటె నా నౌకరి వోతది."

నాకు ఇందులో కష్టమేమీ కనిపించలేదు. ఆ సాయంత్రమే బజారులో స్వెటర్ల బండి దగ్గర ఒక జత ఉన్ని తొడుగులు కొని మర్నాడు ఆమెకిచ్చాను. ఆ మర్నాడు ఆమె ఆరూ ఇరవై అయిదుకే పెట్టె దగ్గరుంది. అరగంట తర్వాత పర్యవేక్షణకని సర్వోత్తమ్ గారు కూడా అక్కడికి వచ్చారు.

పదిన్నరకు నన్ను పిలిపించారు. బల్ల మీద నా తొడుగులు పడున్నాయి, ఎవరో వేటాడి తెచ్చిన రెండు కుందేళ్లలా.

"సూపరింటెండెంట్ గారూ, ఇవి ఏమిటి?"

"చేతి తొడుగులు సార్."

"ఎవరి ఆమోదంతో?"

"చలిగా ఉందని..."

"చలి ఉంది, కాదనను. మనమే కొలుస్తున్నాం. కానీ ప్రభుత్వ సైకిల్‌కూ ప్రభుత్వ ఉద్యోగి చేతికీ మధ్య ఒక ప్రైవేటు వస్తువు జొరబడింది. రేపు ప్రమాదం జరిగితే సైకిల్ జారిందంటామా, చెయ్యి జారిందంటామా, తొడుగు జారిందంటామా? బాధ్యత ఎవరిది?" ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన కళ్లలో ఒక వెలుగు కనిపించింది. ఆ వెలుగు నేను ముందూ చూశాను. అది కనిపిస్తే మాకు నాలుగు నెలల పని. "ఇది చిన్న విషయం కాదు. సమగ్రంగా, శాస్త్రీయంగా పరిష్కరిద్దాం. ఉపసంఘం వేయండి."

ఆ మర్నాడు లేతుబాయి చేతులకు భర్త సాక్సులు తొడుక్కుని వచ్చిందట. వేళకే వచ్చింది. దానికి వేరే మెమో వెళ్లింది: "పాదములకు ఉద్దేశించబడిన వస్తువును హస్తములకు వినియోగించుట." ఆమె ఆ మెమో నాతో రెండుసార్లు చదివించుకుని, "అంటె కాళ్లకు తొడుక్కోవచ్చా సారూ?" అని అడిగింది. కాళ్లకు అభ్యంతరం లేదన్నాను. ఏదో ఒకదానికి అనుమతి దొరికినందుకు ఇద్దరం కాస్త తేలికపడ్డాం.

ఉపసంఘం పూర్తి పేరు "శీతల క్షేత్ర సైకిల్ సిబ్బంది హస్త రక్షణ ఉపకరణముల ఎంపిక సాంకేతిక ఉపసంఘం". అధ్యక్షులు సర్వోత్తమ్ గారు. కార్యదర్శిని నేను. నిపుణుడిగా కాలేజీలో ఉష్ణశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు. ఆయనకు చలంటే పడదు, మంకీ టోపీ తీయకుండానే సమావేశాలకు వచ్చేవారు. చెవులు మూసుకుపోవడం వల్ల ఏ ప్రతిపాదననూ వ్యతిరేకించలేదు.

నమూనాలు వచ్చాయి. ఉన్ని తొడుగులు, తోలు తొడుగులు, తోటమాలి రబ్బరు తొడుగులు, వెల్డింగ్ పనివాడివి, బేకరీలో వేడి పళ్లాలు పట్టుకునేవి, క్రికెట్ వికెట్ కీపర్‌వి. ఇవి కాక, లోపల ఉన్ని, అరచేతి వైపు పల్చని తోలు ఉన్న ఒక బూడిదరంగు రకం. సరఫరాదారు అన్నీ కుడిచేతివే పంపాడు. నమూనా అంటే ఒక్కటే కదా అని అతని లెక్క.

పరీక్ష మా హాల్లోనే జరిగింది. సైకిల్‌ను స్టాండు వేసి నిలబెట్టాం. ఎదురుగా పెద్ద ఫ్యాను, ఫ్యాను ముందు తొట్టెలో ఐసు దిమ్మలు. ఆ ఐసు కోసం పోశెట్టి చేపల మార్కెట్‌కు పోయి రావడంతో హాలంతా బొచ్చె చేప వాసన. సర్వోత్తమ్ గారు ముందుకొచ్చి, కుడిచేతికి వికెట్ కీపర్ తొడుగు వేసుకుని, కదలని సైకిల్ ఎక్కి తొక్కసాగారు.

"వేగం?" అని అడిగారు ఆయాసపడుతూ.

"సున్నా సార్," అన్నాను.

"ఊహాత్మక వేగం రాయండి. పదిహేను. ఇప్పుడు గంట కొడుతున్నాను, గమనించండి."

తొడుగు వెళ్లి గంట మీద పడింది. గంట మోగలేదు, ఊడి ఐసు తొట్టెలో పడింది. ప్రొఫెసరు గారు చప్పట్లు కొట్టారు.

ఏడు రకాలూ అయ్యేసరికి పన్నెండయింది. సంగతి మొదలైంది నా వల్లే గనుక ధైర్యం చేసి, "సార్, లేతుబాయి బయటే ఉంది. ఒక్కసారి వేసుకుని చూస్తుంది" అన్నాను. ఆమె లోపలికి వచ్చి, ఒక్కొక్కటీ అర నిమిషం తొడిగి, బ్రేకు నొక్కి చూసి, అవతల పెట్టింది. బూడిదరంగుది తొడగగానే ఆమె మొహం విప్పారింది. బ్రేకు రెండుసార్లు నొక్కింది.

"గిది సారూ. వేలు వేలుకు ఎడముంది, బ్రేకు దొర్కుతంది. సలి ఇగం లోపటికి రాదు. బేకరీది ఎచ్చగనే ఉన్నది గని, దాంతోని బ్రేకేసుడంటె దుప్పటి కప్పుకొని సూదిల దారం ఎక్కిచ్చినట్టే."

"ధన్యవాదాలు," అన్నారు సర్వోత్తమ్ గారు. "అయితే లబ్ధిదారు అభిప్రాయం ఉపసంఘం పరిధిలో లేదు." అని మార్కులు చూసుకున్నారు. బేకరీ తొడుగుకు తొంభై రెండు. బూడిదరంగు దానికి ఆఖరి స్థానం.

ఇంతలో ప్రొఫెసరు గారు టోపీ కాస్త పైకెత్తి మొట్టమొదటిసారి నోరు విప్పారు. "ఎడమ చెయ్యి సంగతేమిటి?"

కుడిచేతికి సాధించిన ఫలితాలు ఎడమచేతికి వర్తిస్తాయా అన్నది నిజంగానే ఎవరూ ఆలోచించని విషయం. తొమ్మిది రోజులు ఆలోచించాం. చివరికి ప్రొఫెసరు గారు తన రెండు చేతులనూ అద్దం ముందు పెట్టి చూసుకుని, "ప్రాథమికంగా పోలిక కనబడుతున్నది" అని లిఖితపూర్వకంగా ఇచ్చారు. ఆర్డరు వెళ్లింది.

బేకరీ తొడుగులు సరఫరాదారు దగ్గర లేవు. అతని దగ్గరున్నది బూడిదరంగు రకం ఒక్కటే. దాన్నే పంపాడు. ఇలాంటి మేళ్లు అప్పుడప్పుడు జరుగుతుంటాయి. ఎవరికీ చెప్పకుండా దండం పెట్టుకోవాలి.

తొడుగులు జనవరి మొదట్లో వచ్చాయి. పోశెట్టి వాటికి నంబరు వేసి, బీరువాలో పెట్టి, తాళం నడుముకు కట్టుకున్నాడు. నేను లేతుబాయికి కబురు పెట్టాను. ఆమె నవ్వుకుంటూ వచ్చింది. ఆమె కంటే ముందు మార్గదర్శకాలు వచ్చాయి. సర్వోత్తమ్ గారు సొంతంగా రాసినవి. నలభై ఆరు పేజీలు.

నేను ఆమెకు సారం చెప్పాను. తొడుగులు అన్ని రోజులూ ఇవ్వకూడదు, దుర్వినియోగం అవుతాయి. "ధ్రువీకృత శీతల దినం" నాడు మాత్రమే ఇవ్వాలి. ధ్రువీకృత శీతల దినం అంటే, ఆ రోజు పొద్దున పెట్టెలో ఎనిమిది డిగ్రీలు గానీ అంతకు తక్కువ గానీ నమోదై, ఆ నమోదును డిప్యూటీ డైరెక్టర్ గారు సంతకంతో ధ్రువీకరించిన దినం. సాయంత్రం అయిదుకు తొడుగులు తిరిగి జమ చేయాలి.

లేతుబాయి నా బల్లకు ఇంకో అడుగు దగ్గరగా వచ్చింది.

"ఆ పెట్టె చూసేది నేనే గద సారూ?"

"అవును."

"నేను పోయి చూసొస్తెనే, ఆ దినం సలి దినం అని తెలుస్తది."

"అవును."

"మరి పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు ఇంకా తెలియదు కదమ్మా."

ఆమె పోశెట్టి వైపు చూసింది. పోశెట్టి తాళం నిమురుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. "సలి ఉన్నది వదినె," అన్నాడు, "గని ఇంకా కాలే."

అలాగే మొదలైంది. లేతుబాయి పొద్దున ఉత్త చేతులతో పోయి, దిగుడు దగ్గర దిగి పరుగులాంటి నడకతో ఎలాగో వేళకు చేరి, పెట్టెలో ఆరు డిగ్రీలు చూసి, తొమ్మిదిన్నరకు కాగితం తెచ్చేది. పదకొండుకు సర్వోత్తమ్ గారి సంతకం. పదకొండుంబావుకు పోశెట్టి తొడుగులు ఇచ్చేవాడు. ఆమె వాటిని తొడుక్కుని, నడినెత్తిన ఎండలో, చెమటలు కక్కుతూ ఇంటికి పోయేది. సాయంత్రం తెచ్చి జమ చేసేది. నెలవారీ నివేదికలో "వినియోగం: నూటికి నూరు శాతం" అని రాశాం. ఎండలో తొడుగులతో సైకిల్ మీదున్న ఆమె ఫోటో హైదరాబాదుకు పోయింది.

జనవరి పదోతేదీన ఆమె రిజిస్టరులో సమయం ఆరు నలభై ఒకటి. మూడో ఆలస్యం. తానే రాసింది. ఆరున్నర అని రాసినా ఆ వాగు ఒడ్డున చూసేవాళ్లు ఎవరూ లేరు. నేను రిజిస్టరు పట్టుకుని సర్వోత్తమ్ గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, నిబంధనలో చిన్న ఇబ్బంది ఉంది. తొడుగులు ముందురోజే ఇచ్చేస్తే..."

"రేపటి చలిని ఈవేళే ధ్రువీకరించమంటారా? మనం కొలిచేవాళ్లం గానీ జోస్యులం కాదు. జోస్యం వేరే శాఖ."

అయితే ఆయన మంచి మనిషే. సమస్య ఉందని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, మధ్యాహ్నం అందర్నీ హాల్లోకి పిలిచి, బోర్డు మీద సుద్దముక్కతో గీయడం మొదలుపెట్టారు.

"పరిశీలకురాలు బయలుదేరే ముందే ధ్రువీకరణ కావాలి. కాబట్టి ఆమె కన్నా ఒక గంట ముందు ఒక ముందస్తు పరిశీలకుడు వెళ్లి, పెట్టె చూసి, వచ్చి చెప్తాడు." ఒక గడి గీశారు. "పోశెట్టి."

"నేనా సార్? నాకు చేతులు కొంకర్లు వోవా?"

"మంచి ప్రశ్న. పోశెట్టికీ తొడుగులు కావాలి. అంటే అతని కన్నా ముందు ఒకరు వెళ్లాలి." ఇంకో గడి. "సూపరింటెండెంట్ గారు."

"నాకూ చలేస్తుంది సార్," అన్నాను.

"వేస్తుంది. కాబట్టి మీకన్నా ముందు ఒకరు." గడులు వరసగా ఎడమవైపుకు పోసాగాయి. టైపిస్టు, వాచ్‌మన్, పక్క ఆఫీసు డ్రైవరు, ప్రొఫెసరు గారు. ఒక్కొక్క గడికీ గంట చొప్పున వెనక్కి జరుగుతూ, బోర్డు చాలక గోడ మీదికి పోయి, ముందురోజు సాయంత్రం దాటి, మధ్యాహ్నం మూడింటి దగ్గర సుద్దముక్క ఆగింది. సర్వోత్తమ్ గారు వెనక్కి తిరిగారు. మొహం వెలిగిపోతోంది.

"మధ్యాహ్నం మూడుకు ఎంతుంటుంది?"

"ఇరవై తొమ్మిది సార్."

"తొడుగులు అవసరమా?"

"అక్కర్లేదు సార్."

"చూశారా! మొదటి మనిషికి తొడుగులు అక్కర్లేదు. సమస్య మూలంలోనే పరిష్కారమైపోయింది." సుద్ద దులుపుకున్నారు. "అతను వెళ్లి పెట్టె చూసి ఇరవై తొమ్మిది అని తెస్తాడు. ఇరవై తొమ్మిది అంటే శీతల దినం కాదు. శీతల దినం కాదు కాబట్టి తరవాతి వాళ్లెవరికీ తొడుగులు అవసరం రావు. పరిశీలకురాలితో సహా."

తప్పు ఎక్కడుందో వెతికితే దొరకడం లేదు. పోశెట్టి వేళ్ల మీద ఒకసారి లెక్కపెట్టి చూసుకుని, "సక్కగనే ఉన్నది," అన్నాడు నీరసంగా.

ఆ వారమే కబురు. హరిత పరిశీలన మా జిల్లాలో అద్భుతంగా నడుస్తోందని ఫోటో చూసి, మా శాఖ కమిషనర్ గారే స్వయంగా చూడటానికి మర్నాడే వస్తున్నారు. పొద్దున ఎడ్ల దిగుడు మీది నుంచి పెట్టె దాకా సర్వోత్తమ్ గారితో కలిసి సైకిల్ తొక్కుతారు. క్రమశిక్షణకు నిదర్శనంగా లేతుబాయి తొలగింపు మెమో మీద సర్వోత్తమ్ గారు ఆయన సమక్షంలోనే సంతకం చేస్తారు. మెమో టైపు చేయించి ఫైల్లో పెట్టే పని నాదే. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినబుద్ధి కాలేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇలాంటి రోజున ఏమీ అడక్కుండా చారు వేడిచేసి పెట్టేది. ఆమెకు బదులు నేనే వేడి చేసుకున్నాను. అదీ కొంత పనిచేసింది.

పొద్దున ఆరుకు దిగుడు పైన రెండు కార్లు ఆగాయి. కార్ల డిక్కీల్లోంచి రెండు సైకిళ్లు దిగాయి. మంచు పొగలా పాకుతోంది. పత్తి చేలు కనబడటం లేదు. కమిషనర్ గారు చేతులు రుద్దుకుంటూ, "తొడుగులు ఉన్నాయన్నారే?" అన్నారు.

"పోశెట్టీ!" అన్నారు సర్వోత్తమ్ గారు.

పోశెట్టి తొడుగుల పెట్టె తెచ్చాడు గానీ తెరవలేదు. "ఇయ్యాల ఇంకా ధ్రువీకరించలే సార్. మీ సంతకం లేనిది సలి దినం కాదు. పేజీ పదకొండు."

"అరే, కమిషనర్ గారికయ్యా!"

"కమిషనర్ సారు పేరు పేజీ పదకొండుల లేదు సార్."

కమిషనర్ గారు పోశెట్టి భుజం తట్టారు. "శభాష్! నిబంధన అంటే ఇదీ. మనకే మినహాయింపు ఇస్తే ఇంకెవరు పాటిస్తారు?" అని ఉత్త చేతులతో సైకిలెక్కారు. అలా అన్నాక సర్వోత్తమ్ గారికి వేరే దారి లేదు.

నేను కారులో వెనక వస్తున్నాను. దిగుడు సగంలో లేతుబాయి ఎప్పటిలా సైకిల్ పట్టుకుని నడుస్తోంది. ఆమె పక్క నుంచి సర్వోత్తమ్ గారు బాణంలా దూసుకుపోయారు.

"సారూ! బ్రేకు! బ్రేకు వట్టుర్రి!"

"పడుతూనే ఉన్నా...ను! వేళ్లు... పట్టుకోవ...డం... లేదు!"

మాటలో సగం మలుపు దగ్గర, మిగతా సగం మలుపు దాటాక వినిపించింది. కమిషనర్ గారు బూట్లు రోడ్డుకు రాసుకుంటూ, నిప్పురవ్వలు రాలుస్తూ ఎలాగో ఆగారు. సర్వోత్తమ్ గారు ఆగలేదు. దిగుడు కింద చేను గట్టున ఎవరో రైతు ముందురోజు ఏరి పోసుకున్న పత్తి కుప్ప ఉంది. అది అక్కడ ఉండటం దేవుడి దయ. ఆయన దాంట్లో నడుము దాకా దిగిపోయారు. సైకిల్ వాగు వైపు ఒంటరిగా పోయింది.

అప్పుడు ఆరూ ఇరవై ఆరు. లేతుబాయి ఒక్క పరుగు తీస్తే వేళకు పెట్టె చేరుతుంది. ఆమె పెట్టె వైపు చూసింది. పత్తి కుప్ప వైపు చూసింది. సైకిల్ కింద పడేసి, కుప్పలోకి దూకి, సర్వోత్తమ్ గారి చంకల కింద చేతులేసి లాగడం మొదలుపెట్టింది. ఆయన ఒకపట్టాన రాలేదు. చేతులు మోచేతుల దాకా పత్తిలో ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఉండనివ్వమ్మా," అన్నారు కళ్లు మూసుకుని. "ఇక్కడ వెచ్చగా ఉంది."

ఆమె పెట్టె చేరేసరికి ఆరూ ముప్పై అయిదు. అందరం వెనకే వెళ్లాం. ఆమె పెట్టె తెరిచి, థర్మామీటరు చూసి, రిజిస్టరులో సమయం రాసింది. ఆరు ముప్పై అయిదు. అప్పుడు కమిషనర్ గారు, "ఎంతుంది?" అన్నారు.

"ఎనిమిది పాయింటు రెండు సారూ."

నేను ఆమె పక్కకు వెళ్లి మెల్లగా, "ఇంకోసారి చూడమ్మా, ఏడు పాయింటు తొమ్మిదేమో," అన్నాను. ఆమె నావైపు చిత్రంగా చూసింది. "ఎంతుంటె అంతనే గద సారూ రాసేది."

"అంటే," అన్నారు కమిషనర్ గారు, చేతులు చంకల్లో దూర్చుకుంటూ, "ఎనిమిది దాటింది. నిబంధన ప్రకారం ఇవాళ చలి లేదు."

"లే... లేదు సార్," అన్నారు సర్వోత్తమ్ గారు. పళ్లు టకటకలాడుతున్నాయి. జుట్టు నిండా పత్తి.

"మీకు చలేస్తోందా?"

"ఎలా... వేస్తుంది సార్? ఎనిమిది పా... పాయింటు రెండు."

"నాకూ వెయ్యడం లేదు," అన్నారు కమిషనర్ గారు, గెంతుతూ.

నేను మెమో తీసి, పెన్ను అందించాను. ఉద్యోగధర్మం. సర్వోత్తమ్ గారు పెన్ను పట్టుకోబోయారు. పడిపోయింది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ పడింది. మూడోసారి రెండు చేతుల మధ్య రోకలిలా పట్టుకుని కాగితం మీద పెట్టారు. కాగితానికి చిల్లు పడింది గానీ సంతకం పడలేదు.

లేతుబాయి ఇది చూసి, గది వెనక్కి వెళ్లి చేతి నిండా పత్తి కట్టె తెచ్చి, మూడు రాళ్ల మధ్య పేర్చింది. తన నౌకరి తీసే చేతులు కాగడానికే ఆ మంట అని ఆమెకు తెలుసు. "మంచుకు తడిసినయి, అంటుకుంటలెవ్వు. కాయితాలుంటె ఇయ్యుర్రి సారూ."

సర్వోత్తమ్ గారు నావైపు తిరిగారు. "ఆ ఫైల్లో ఏమున్నాయి?"

"మార్గదర్శకాలు సార్. నలభై ఆరు పేజీలు."

ఆయన ఒక్క క్షణం తన వేళ్ల వైపు చూసుకున్నారు. "నకలు ఆఫీసులో ఉందా?"

"ఉంటుంది సార్," అన్నాను. లేదు.

మార్గదర్శకాలు బాగా మండాయి. నిర్వచనాలతో కట్టె అంటుకుంది. షరతులతో మంట లేచింది. అనుబంధాలు వచ్చేసరికి అందరి వేళ్లకూ ఎరుపు వచ్చింది. కమిషనర్ గారు మంట దగ్గర గొంతుకూర్చుని, పసివాడిలా చేతులు అటూ ఇటూ తిప్పుకుంటున్నారు. పోశెట్టి తొడుగుల పెట్టె పక్కన పెట్టి తనూ కూర్చున్నాడు. నలభై ఆరో పేజీ అయిపోయింది. మంట తగ్గుముఖం పట్టింది.

"ఇంకేమైనా ఉందా?" అన్నారు సర్వోత్తమ్ గారు, చేతులు వెనక్కి తీయకుండానే.

"ఒక్క కాగితం ఉంది సార్. లేతుబాయి మెమో. తమరి సంతకం కావాలి." పెన్ను కూడా చూపించాను.

వేళ్లు ఇప్పుడు ముడుచుకుంటున్నాయి. సంతకం పెట్టగలరు. ఆయన వేళ్లు ముడిచి, తెరిచి, మళ్లీ ముడిచారు. ఎదుట లేతుబాయి ఆరిపోతున్న నిప్పును కట్టెపుల్లతో ఎగదోస్తోంది. ఆమె కొంగుకూ ఆయన జుట్టుకూ ఒకే కుప్ప పత్తి అంటుకుని ఉంది.

"సంతకం లేనంతవరకు అది ఉత్త కాగితమే కదా," అన్నారాయన చివరికి.

"ఉత్త కాగితమే సార్."

"అయితే వెయ్యండి. మంట ఆరిపోతోంది."

వేశాను. చిన్న కాగితమే అయినా చక్కగా వెలిగింది.

తొడుగుల సంగతి అక్కడే తేలింది. "సైకిల్‌కు గంట, స్టాండు, బ్రేకు ఎలాగో, బ్రేకు నొక్కే తొడుగు కూడా సైకిల్ భాగమే కదా సార్? భాగానికి ధ్రువీకరణ ఎందుకు?" అన్నాను. కమిషనర్ గారు చేతులు కాచుకుంటూ, "అలాగే వర్గీకరించండి," అన్నారు. అంత వేడిలో ఎవరైనా ఉదారంగానే ఉంటారు. అయితే భాగం అన్నాక సైకిల్‌కు బిగించి ఉండాలి గదా అని సర్వోత్తమ్ గారికి సందేహం వచ్చింది. అందుకని బ్యాంకులో పెన్నుకు కట్టినట్టు, రెండు తొడుగులనూ దారాలతో హ్యాండిల్‌కు కట్టాం. పోశెట్టే ముడి వేశాడు.

మర్నాడు లేతుబాయి దిగుడు మీద దిగకుండా, గంట కొట్టుకుంటూ, ఆరూ ఇరవై రెండుకే పెట్టె చేరింది. ఏడు పాయింటు ఒకటి. తొమ్మిదిన్నరకు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఈసారి చేతులు కొంగులో లేవు.

"మంచిగున్నయి సారూ. చెయ్యి వెడితె సాలు, బ్రేకు దానంతటదే దొర్కుతంది. గని..."

"ఏమిటమ్మా?"

"చెవులకు జర సలి వెడ్తంది."

లోపలి గదిలో సర్వోత్తమ్ గారి కుర్చీ కిర్రుమంది. నేను గబుక్కున లేచి తలుపు దగ్గరగా వేశాను.

"మెల్లగా మాట్లాడమ్మా," అన్నాను. "తువ్వాల చుట్టుకుని పో. ఎవరికీ చెప్పకు."